రెస్టొరేషన్ కామెడీలో పెళ్ళి, డబ్బు, మోసం: ముందు దస్తావేజులు చూడండి

మీరు అడిగింది ఇదీ: ఎం.ఏ. ఇంగ్లిష్‌లో విచర్లీ ‘ది కంట్రీ వైఫ్’, కాంగ్రీవ్ ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ చదువుతున్నారు. ఇవి రెస్టొరేషన్ కామెడీలు, అంటే 1660లో ఇంగ్లండ్‌లో రాజరికం తిరిగొచ్చాక వచ్చిన హాస్యనాటకాలు. ఎవరిని చూసినా డబ్బు కోసం పెళ్ళాడేవాళ్ళే, ఎవరినో ఒకరిని మోసం చేసేవాళ్ళే. హీరో మిరాబెల్ కూడా ఒక పెద్దావిడను నమ్మించి దగా చేస్తాడు, అతను మంచివాడేనా? గైడులో మాత్రం ‘ఆ కాలపు నైతిక పతనానికి అద్దం’ అని ఒక్క వాక్యం ఉంది. అంతేనా, ఇంకేమైనా ఉందా?

చాలా ఉంది. ఈ నాటకాలు క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

‘నైతిక పతనం’ అన్న మాట ఈ నాటకాలంత పాతది. 1698లో జెరెమీ కాలియర్ అనే మతాచార్యుడు లండన్ రంగస్థలం మీద ఒక పుస్తకమే రాసి, నాటకకర్తలు కాంగ్రీవ్‌నీ వాన్‌బ్రూనీ పేరు పెట్టి తిట్టాడు. ఆ తిట్టులో కొంత నిజం ఉంది. ఈ నాటకాల్లో బూతు ఉంది, కర్కశత్వం ఉంది. కానీ ఆ జవాబు కారణం చెప్పదు. డబ్బు మీద ఆశ అన్ని కాలాల్లోనూ ఉంటుంది కదా, మరి ఇక్కడ అది పెళ్ళి చుట్టూనే ఎందుకు తిరుగుతోంది? ఆ పెళ్ళి చుట్టూ ఇన్ని మారువేషాలు, ఇన్ని దొంగ ఉత్తరాలు ఎందుకు? దీనికి జవాబు ఆనాటి ఇంగ్లండ్ చట్టంలో దొరుకుతుంది. నా దృష్టిలో ఈ నాటకాల్లో చివరికి గెలిచేది, సరైన తేదీతో సరైన పత్రం రాయించి దాచుకున్న మనిషి. మంచితనం, చమత్కారం దాని తర్వాతే.

చట్టం ఏమనేదో చూద్దాం. పెళ్ళయిన స్త్రీకి విడిగా ఉనికి లేదు, ఆమె భర్తలో కలిసిపోయినట్టే. దీన్ని కవర్చర్ అనేవారు. ఆమె తెచ్చిన నగదు, నగలు, సామాను అన్నీ పెళ్ళి అయిన క్షణం నుంచి అతనివి. భూమి ఉంటే ఆమె ఒప్పుకోకుండా శాశ్వతంగా అమ్మలేడు గానీ, దాని మీద వచ్చే కౌలు మాత్రం అతని చేతికే వస్తుంది. తన పేరుతో ఒప్పందం రాసుకునే హక్కు ఆమెకు లేదు. మనకు స్త్రీధనం అన్న భావన పాతకాలం నుంచీ ఉంది. ఇంగ్లండ్ మామూలు చట్టంలో అలాంటిది లేదు. అయితే పెళ్ళికాని మేజర్ స్త్రీకీ, విధవకూ ఆస్తి మీద పూర్తి హక్కు ఉండేది. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ నాటకాల్లో డబ్బున్న విధవల చుట్టూ అంతమంది ఎందుకు మూగుతారో దీనివల్లే తెలుస్తుంది.

డబ్బున్న కుటుంబాలు దీనికి ఒక విరుగుడు కనిపెట్టాయి. చాన్సరీ అనే వేరే కోర్టు ట్రస్టులను గుర్తించేది. పెళ్ళికి ముందే అమ్మాయి ఆస్తిని నమ్మకస్తుడైన ఒక ట్రస్టీ పేర రాసేస్తే, అది ఆమె వాడకానికే మిగులుతుంది, భర్త ముట్టుకోలేడు. అందుకే పెళ్ళంటే ముందు లాయర్ల బేరం. పిల్ల తెచ్చే కట్నం ఎంత, భర్త పోతే ఆమెకు ఏటా దక్కే జాయించర్ ఎంత, బతికుండగా చేతిఖర్చుకు ఇచ్చే పిన్ మనీ ఎంత, ఇవన్నీ కాగితం మీద తేలాకే చర్చికి వెళ్ళేవారు. ‘ది కంట్రీ వైఫ్’ (1675)లో అలీథియాను చూడండి. తనకు కాబోయే స్పార్కిష్ ఒట్టి మూర్ఖుడని ఆమెకు తెలుసు. హార్‌కోర్ట్ ప్రేమ నిజమని కూడా తెలుస్తూనే ఉంది. అయినా పత్రాలు రాయడం అయిపోయింది, ఒప్పందాలు కుదిరిపోయాయి, ఇక వెనక్కి తీసుకోలేం అంటుంది. ఆమెకు అన్న అయిన పించ్‌వైఫ్ మాట ఇంకా మోటు. నా చెల్లెలితో పడుకున్నందుకు రేపు స్పార్కిష్‌కి 5,000 పౌన్లు ఇచ్చుకోవాలి అంటాడు. క్లాసులో ఈ వాక్యం చదవగానే నవ్వు వస్తుంది. ఆ నవ్వు ఆగాక పిల్లలు కాసేపు ఆలోచనలో పడతారు, ఎందుకంటే కట్నం లెక్క మన ఇళ్ళలో తెలియనిది కాదు.

ఇక పెళ్ళిలోంచి బయటపడే దారి. చర్చి కోర్టులు భార్యాభర్తల్ని వేరుగా ఉండమని తీర్పు ఇవ్వగలవు, మళ్ళీ పెళ్ళి చేసుకోనివ్వవు. పూర్తి విడాకులు కావాలంటే ఆ ఒక్క మనిషి కోసం పార్లమెంటు చట్టం చెయ్యాలి. 1670లో లార్డ్ రూస్ అలా చట్టం చేయించుకుని మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కు సంపాదించాడు. రెండో చార్లెస్ రాజు స్వయంగా ఆ చర్చలకు వచ్చి కూర్చుని, ఇది నాటకమంత బాగుంది అన్నాడట. 1700లో, అంటే ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ ఆడిన సంవత్సరమే, డ్యూక్ ఆఫ్ నార్ఫోక్‌కి అలాంటి చట్టమే దొరికింది. ప్రభువులకే ఇంత కష్టమైతే మామూలు మనిషికి దారే లేదు.

పెళ్ళిలోకి వెళ్ళే దారి మాత్రం బార్లా తెరిచి ఉండేది. 1753లో హార్డ్‌విక్ చట్టం వచ్చేదాకా ఒక మతాచార్యుడు దొరికితే చాలు, పెద్దలకు తెలియకుండా చేసుకున్నా ఆ పెళ్ళి చెల్లుతుంది. నిమిషాల్లో అయిపోతుంది, ఆస్తి మొత్తం చేతులు మారుతుంది, తిరిగి రావడం ఉండదు. కాంగ్రీవ్ ‘లవ్ ఫర్ లవ్’ (1695)లో టాటిల్, మిసెస్ ఫ్రెయిల్ ముసుగులు వేసుకుని ఇంకెవరినో పెళ్ళాడుతున్నామనుకుని ఒకరినొకరు పెళ్ళాడేస్తారు. ముసుగు తీశాక చేసేదేమీ లేదు. మనకు అది ప్రహసనంలా కనిపిస్తుంది. ఆనాటి ప్రేక్షకుడికి అందులో నిజమైన భయం కూడా ఉంది.

ఆ భయం ఊహ కాదు. 1690 నవంబరులో లండన్‌లో మేరీ వార్టన్ అనే పదమూడేళ్ళ పిల్లను, ఏడాదికి 1,500 పౌన్ల ఆస్తికి వారసురాలిని, కెప్టెన్ జేమ్స్ క్యాంప్‌బెల్ మనుషులతో వచ్చి ఎత్తుకుపోయి పెళ్ళి చేసుకున్నాడు. అతనికి సాయం చేసిన సర్ జాన్ జాన్‌స్టన్‌ను ఉరితీశారు, క్యాంప్‌బెల్ తప్పించుకున్నాడు. ఆ పెళ్ళిని రద్దు చెయ్యడానికి కూడా పార్లమెంటు చట్టమే కావలసి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత వాన్‌బ్రూ రాసిన ‘ది రిలాప్స్’లో హోయ్‌డెన్ అనే పల్లెటూరి అమ్మాయి ఆస్తి కూడా ఏడాదికి 1,500 పౌన్లే. ఆ అంకె వినగానే హాల్లో కొందరికైనా ఆ కేసు గుర్తొచ్చి ఉంటుందని నా నమ్మకం.

ఈ అంకెల బరువు తెలియకపోతే సగం నాటకం తెలియనట్టే. గ్రెగొరీ కింగ్ అనే లెక్కల మనిషి 1688 నాటి ఇంగ్లండ్ ఆదాయాలకు ఒక అంచనా వేశాడు. కూలి కుటుంబానికి ఏడాదికి 15 పౌన్లు, జెంటిల్‌మన్ కుటుంబానికి 280 పౌన్లు. ఇప్పుడు ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ నాయిక మిల్లమంట్ ఆస్తి 12,000 పౌన్లు అన్న మాట మళ్ళీ చదవండి. అప్పట్లో చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీ నూటికి 6. ఆ లెక్కన ఆ సొమ్ము కూర్చోబెట్టి ఏడాదికి 720 పౌన్లు తెస్తుంది, రెండున్నర మంది జెంటిల్‌మెన్ బతికే డబ్బు. అత్త ఒప్పుకోని పెళ్ళి చేసుకుని అందులో సగం పోతే 360. అప్పుడూ బతకొచ్చు, కానీ ఆ బతుకు వేరు. ‘ప్రేమ ఉంటే డబ్బెందుకు, మిరాబెల్ ఆమెను ఊరికే పెళ్ళి చేసుకోవచ్చుగా’ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఈ లెక్క బోర్డు మీద వేస్తే ఆ ప్రశ్న తీరిపోతుంది.

మగవాళ్ళ వైపు నుంచి చూస్తే ఒత్తిడి ఇంకో రకం. ఇంటి ఆస్తి పెద్ద కొడుక్కే వెళ్తుంది. చిన్న కొడుకు అదే ఇంట్లో, అదే అలవాట్లతో పెరుగుతాడు, చేతికి మాత్రం ఏమీ రాదు. ‘ది రిలాప్స్’లో యంగ్ ఫ్యాషన్ అలాంటివాడే. అన్న ఫాపింగ్‌టన్ 10,000 పౌన్లు పోసి ప్రభువు బిరుదు కొనుక్కున్నాడు, తమ్ముడికి మాత్రం పైసా విదల్చడు. దాంతో తమ్ముడు అన్న పేరు పెట్టుకుని, అన్నకు కుదిరిన పెళ్ళికూతురు హోయ్‌డెన్ ఇంటికి వెళ్ళి ముందుగా పెళ్ళాడేస్తాడు. తర్వాత అసలు అన్న వస్తే ఆ అమ్మాయి అతన్నీ పెళ్ళాడుతుంది! చివరికి ఏ పెళ్ళి చెల్లుతుందన్నది దాదికీ, ఇంటి మతగురువు చాప్లిన్‌కీ ఏం ముడుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఇక అసలు సంగతి, ‘ది వే ఆఫ్ ది వరల్డ్’. 1700 మార్చిలో లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ థియేటర్‌లో ఆడింది. ఆదరణ అంతంతమాత్రం. కాంగ్రీవ్‌కి అప్పుడు ముప్ఫై ఏళ్ళు, ఆ తర్వాత ఇంకో కామెడీ రాయలేదు. కథ చిక్కుగా ఉందని విద్యార్థులు భయపడతారు. మనుషుల వెంట వెళ్తే నిజంగానే చిక్కు. డబ్బు వెంట వెళ్ళండి, దారి కనిపిస్తుంది.

మిల్లమంట్ 12,000 పౌన్లలో 6,000 ఆమెకెలాగూ వస్తాయి. మిగతా 6,000 అత్త లేడీ విష్‌ఫోర్ట్ ఒప్పుకున్న పెళ్ళి చేసుకుంటేనే. మిరాబెల్ మీద ఆ అత్తకు పగ, ఎందుకంటే మేనకోడలికి దగ్గర కావడానికి అతను ముందు ఆమెనే ప్రేమిస్తున్నట్టు నటించాడు. మార్‌వుడ్ అనే మరో స్త్రీ ఆ సంగతి బయటపెట్టింది. ఇప్పుడు మిరాబెల్ ఇంకో ఎత్తు వేస్తాడు. తన నౌకరు వెయిట్‌వెల్‌ను సర్ రోలండ్ అనే దొరగా వేషం కట్టించి, లేడీ విష్‌ఫోర్ట్‌ను పెళ్ళికి ఒప్పించి, తర్వాత పరువు పోతుందని బెదిరించి మేనకోడలి పెళ్ళికి సమ్మతి రాబట్టాలని. అంతకుముందు ఆ పొద్దున్నే వెయిట్‌వెల్‌కీ ఆవిడ పనిమనిషి ఫాయిబుల్‌కీ పెళ్ళి జరిపించేస్తాడు. ఎందుకు? నౌకరు నిజంగానే ఆ పెద్దింటి ఆస్తికి మొగుడై కూర్చోకుండా! నౌకరును కూడా నమ్మకుండా చట్టాన్ని అడ్డం పెట్టుకున్నాడు. మిరాబెల్ స్వభావమంతా ఈ చిన్న ఏర్పాటులో ఉంది.

ఎదురుగా ఫెయినాల్. లేడీ విష్‌ఫోర్ట్ కూతురు అరబెల్లాకి భర్త. మార్‌వుడ్ అతని ప్రియురాలు. ఒక డబ్బున్న విధవ సొమ్మును చట్టబద్ధంగా కొల్లగొట్టి నీ మీద ఖర్చుపెడదామనే పెళ్ళాడాను అని ఆమెతోనే అంటాడు. మాటకారితనంలో మిరాబెల్‌కి ఏమీ తీసిపోడు. తొలి ప్రదర్శనలో ఈ పాత్ర వేసింది ఆ కాలపు మహానటుడు థామస్ బెటర్‌టన్, అంటే దీన్ని చిల్లర విలన్‌గా ఎవరూ అనుకోలేదు. అయిదో అంకంలో అతను షరతులు పెడతాడు: లేడీ విష్‌ఫోర్ట్ తన అనుమతి లేకుండా మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు, భార్య ఆస్తిలో మిగిలినదంతా తన పేర రాయాలి, మిల్లమంట్ 6,000 కూడా తనకే. లేకపోతే భార్యకు పెళ్ళికి ముందు మిరాబెల్‌తో ఉన్న సంబంధాన్ని కోర్టుకెక్కిస్తాడు. ఒప్పందాలు కాగితం మీద రాయించుకుని మరీ వస్తాడు.

అప్పుడు మిరాబెల్ ఒక నల్ల పెట్టె తెప్పిస్తాడు. అందులో ఫెయినాల్ పత్రాలకంటే పాత తేదీ ఉన్న పత్రం ఉంది. అరబెల్లా విధవగా ఉన్నప్పుడు, ఫెయినాల్‌ని పెళ్ళి చేసుకోకముందే, తన ఆస్తి మొత్తం మిరాబెల్‌ను ట్రస్టీగా పెట్టి రాసేసింది. సాక్షి సంతకాలు చేసిన విట్‌వుడ్, పెట్యులంట్ అనే ఇద్దరు షోకిలాలకు అందులో ఏముందో కూడా తెలియదు. అక్కడితో ఫెయినాల్ పని అయిపోయింది. ‘ప్రపంచం తీరే అంత’ అన్న మాట అంతకుముందు ఫెయినాల్ నోట వచ్చిందే. ఇప్పుడు మిరాబెల్ అదే మాటను ‘ఈ లోకపు విధవల తీరు’ అని పొడిగించి అతనికే అప్పజెబుతాడు. ఇద్దరు మోసగాళ్ళలో ఒకడి మోసం పెళ్ళికి ముందు జరిగింది, ఇంకొకడిది తర్వాత. నాటకం ఆ తేదీ మీద తిరిగింది. ఇంకో మాట: పెళ్ళి మాటలు నడుస్తుండగా కాబోయే భర్తకు చెప్పకుండా ఆస్తి పక్కకు తప్పిస్తే, చాన్సరీ కోర్టు కొన్నిసార్లు దాన్ని భర్తకు జరిగిన మోసంగా చూసి కొట్టేసేది. అందువల్ల ఫెయినాల్ కోర్టుకు వెళ్ళి ఉంటే ఏమయ్యేదన్నది నిజంగా అడగదగ్గ ప్రశ్న. పరీక్షలో ఇది రాస్తే మీ సమాధానం మిగతావాటికంటే వేరుగా కనిపిస్తుంది.

నాలుగో అంకంలోని షరతుల సీను అందరూ రాస్తారు. పొద్దున్న ఇష్టమొచ్చినంతసేపు పడుకుంటాను, ముద్దుపేర్లతో పిలవొద్దు, నా ఉత్తరాలు చూసి మొహం మాడ్చుకోవద్దు, నా గదికి వచ్చేముందు తలుపు తట్టాలి అంటుంది మిల్లమంట్. అంతా సరదాగా ఉంటుంది. అందులో లేనిదేమిటో గమనించారా? డబ్బు. ఆస్తి గురించి ఒక్క షరతూ లేదు. ఆమె అడిగినవేవీ చట్టం ఇవ్వగలిగినవి కావు, అవన్నీ ఆ మగవాడి మర్యాద మీద ఆధారపడినవి. అందుకే ఆ నవ్వుల కింద ఒక ఆడపిల్ల తన చివరి స్వేచ్ఛను లెక్కపెట్టుకుంటున్న ధ్వని నాకు వినిపిస్తుంది. ఈ సీనును అయిదో అంకంలోని నల్ల పెట్టెతో కలిపి చదవండి, విడిగా చదవొద్దు.

మిరాబెల్ మంచివాడా అని మీరు అడిగారు. కాడు అనే అంటాను. అరబెల్లా తనవల్ల గర్భవతి అయిందేమోనన్న భయంతో ఆమెను ఫెయినాల్‌కి కట్టబెట్టినవాడు అతనే. తప్పుచేసిన మనిషి చెయ్యగల కనీస పనిగా ఆమె ఆస్తి కాపాడాడు. లేడీ విష్‌ఫోర్ట్ ఒంటరితనంతో ఆడుకున్న తీరుకు అతన్ని క్షమించడం నాకు ఇప్పటికీ కష్టమే. ఆవిడ మొహానికి రంగులు పూసుకోవడం చూసి నవ్వుతాం గానీ, ఈ నాటకంలో తన ఆస్తి మీద తనకే హక్కున్న స్త్రీ ఆవిడ, ఆ హక్కువల్లే అందరికీ గురి అయింది.

స్త్రీలు కూడా మోసం చేస్తారు, అవసరమై చేస్తారు. ‘లవ్ ఫర్ లవ్’లో వాలెంటైన్ అప్పుల్లో మునిగి, 4,000 పౌన్ల కోసం తన వారసత్వం తమ్ముడికి వదులుకుంటానని తండ్రికి రాసిచ్చాడు. తుది సంతకం తప్పించుకోవడానికి పిచ్చి నటిస్తాడు, ఎందుకంటే పిచ్చివాడి సంతకం చెల్లదు. అతన్ని కాపాడేది అతను ప్రేమించిన ఏంజెలికా. ముసలి తండ్రినే పెళ్ళాడతానని నమ్మించి, ఆ పత్రం చేతిలోకి తీసుకుని చింపేస్తుంది.

ఆ కాలపు నాటక రచయిత్రి ఆఫ్రా బెన్‌ను సిలబస్‌లో లేకపోయినా చదవండి. ‘ది రోవర్’ (1677)లో ఏంజెలికా బియాంకా అనే వేశ్యను విల్‌మోర్ డబ్బుకు అమ్ముడుపోతావని తిడతాడు. ఆమె ఎదురడుగుతుంది: మీకు పెళ్ళి సంబంధం వస్తే పిల్ల గుణం అడుగుతారా, కట్నం ఎంతని అడుగుతారా? అతని దగ్గర జవాబు లేదు. ‘ది లక్కీ ఛాన్స్’ (1686)లో ఒక ముసలి భర్త 300 పౌన్ల పందెంలో తన భార్యతో ఒక రాత్రిని ఒడ్డుతాడు. పాచికల్లో భార్యను ఒడ్డడం మన తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

రాసినవాళ్ళ జీవితాలూ ఇలాగే నడిచాయి. విచర్లీ డబ్బున్న విధవ, కౌంటెస్ ఆఫ్ డ్రోగెడాను రహస్యంగా పెళ్ళాడి రాజు ప్రాపకం పోగొట్టుకున్నాడు. ఆమె పోయాక ఆస్తి కోర్టు తగాదాల్లో పడింది, అతను అప్పులకు ఫ్లీట్ జైల్లో ఏళ్ళు గడిపాడు. 1715 డిసెంబరులో, చావుకు కొద్ది రోజుల ముందు, ఒక చిన్న వయసు అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమె తెచ్చిన డబ్బుతో అప్పు తీర్చుకోవడం, ఆస్తికి రానున్న వారసుడి నెత్తిన జాయించర్ భారం పెట్టడం ఆ పెళ్ళి ఉద్దేశం. ఆ పెళ్ళి కుదిర్చిన బంధువే విచర్లీ పోయాక ఆమెను పెళ్ళాడాడు. మరో నాటకకర్త ఫార్కర్ 1703లో ఒక విధవను డబ్బుందనుకుని పెళ్ళాడాడు, ఆమెకు డబ్బు లేదు. అందుకు ఆమెను ఒక్క మాట కూడా అనలేదని చెబుతారు. 1707లో చావుకు దగ్గరగా ఉండి రాసిన ‘ది బోజ్ స్ట్రాటజెమ్’లో మిస్టర్ సల్లెన్, మిసెస్ సల్లెన్ ఇద్దరూ ఒప్పుకుని అందరి ముందూ విడిపోతారు, ఆమె తెచ్చిన 10,000 పౌన్ల కట్నం ఆమెకు తిరిగి వస్తుంది. ఆ విడాకులు ఏ కోర్టులోనూ చెల్లవు. ఆమె వాదనల్లో 1643లో మిల్టన్ విడాకుల మీద రాసిన పుస్తకపు మాటలు వినిపిస్తాయి.

మీ సమాధానం ‘నైతిక పతనం’తో మొదలుపెట్టకండి. ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ అయిదో అంకం ముందు పెట్టుకుని, ఏ పత్రం ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు రాసింది, అది లేకపోతే ఎవరికి ఏం పోతుంది అని పక్కన రాసుకుంటూ వెళ్ళండి. చివర్లో మిరాబెల్ ట్రస్టు పత్రాన్ని అరబెల్లాకి తిరిగి ఇచ్చేస్తూ, జాగ్రత్తగా వాడుకుంటే మీరిద్దరూ సర్దుకుని బతకడానికి ఇది పనికొస్తుంది అంటాడు. అంటే ఆమె ఫెయినాల్‌తోనే ఉండాలి. అలాంటి స్త్రీ గురించి ఇంకా తెలుసుకోవాలనిపిస్తే థామస్ సదర్న్ ‘ది వైవ్స్ ఎక్స్‌క్యూజ్’ (1691) తెచ్చుకోండి. పనికిమాలిన భర్త, వెంటపడే ప్రియుడు, ఇద్దరి మధ్యా నిలబడిన మిసెస్ ఫ్రెండాల్‌ను నాటకం మధ్యలో పెట్టి రాశాడు. భర్త నుంచి విడిగా ఉండే ఏర్పాటు జరిగాక కూడా, నేను ఇంకా నీ భార్యనే, ఇంకా దుఃఖంలోనే ఉండాలి అంటుంది ఆమె. ఆనాడు ఆ నాటకానికి ఆదరణ దక్కలేదు. మీ ప్రశ్నకు మాత్రం బాగా పనికొస్తుంది.